ఒకే తేదీ, ఒకే తిథి: వేములవాడ పరిసర ప్రాంత చరిత్రలో దినసామ్యం

వ్యాససంగ్రహం

వేర్వేరు కాలాల్లో జరిగిన సంఘటనలు, జననాలు, మరణాలు ఒకే దినాన కలవడాన్ని ఈ వ్యాసంలో ‘దినసామ్యం’ అని వ్యవహరించడమైంది. వేములవాడ చాళుక్యుల కాలం నుంచి ఇటీవలి జిల్లాల పునర్వ్యవస్థీకరణ వరకు ఉత్తర తెలంగాణకు చెందిన కొన్ని దినాలను తీసుకొని, వాటి సామ్యం ఎక్కడ కాకతాళీయమో, ఎక్కడ బుద్ధిపూర్వకమైన ఎంపికో, ఎక్కడ పర్వదినపు ఆకర్షణ ఫలితమో వేరుచేసి చూడడం దీని ఉద్దేశం. ఈ విభజన వెలుగులో కొమురం భీం మరణదినానికి సంబంధించిన తిథి, తేదీల మధ్య ఉన్న వైరుధ్యాన్ని పరిశీలించడమైంది.

కీలక పదాలు: తిథి, తేదీ, దినసామ్యం, వేములవాడ చాళుక్యులు, సోమదేవసూరి, సి. నారాయణరెడ్డి, కొమురం భీం, ఫసలీ.

1. ప్రవేశిక

‘తద్దినం’ అనే మాటకు అర్థం ‘ఆ దినం’. ఏ దినాన మనిషి పోయాడో ఆ దినమే ఏటా తిరిగి వస్తుందన్న నమ్మకం ఆ మాటలోనే ఉంది. అయితే తిరిగి వచ్చే ఆ దినాన్ని గుర్తించే పద్ధతి తెలుగునాట ఒకటి కాదు. నేడు చాలా ఇళ్లలో పుట్టినరోజు తేదీని బట్టి జరుగుతుంది, తద్దినం తిథిని బట్టి జరుగుతుంది. ఒకే మనిషి జననం ఒక కాలమానంలో, మరణం మరొక కాలమానంలో నిలిచిపోతాయి. ఇంటి వరకు దీనివల్ల చిక్కేమీ లేదు. చరిత్ర రచనలోకి వచ్చేసరికి మాత్రం ‘ఇదే రోజున’ అన్న మాట ఏ కాలమానాన్ని అనుసరించి అన్నదో చెప్పకపోతే వాక్యం అసంపూర్ణమవుతుంది.

ఇందుకు ప్రపంచ సాహిత్యంలో ప్రసిద్ధమైన ఉదాహరణ 1616 ఏప్రిల్ 23. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ ఆ రోజే మరణించారని వాడుక. యునెస్కో ప్రపంచ పుస్తక దినోత్సవానికి ఈ తేదీని ఎంచుకోవడానికి ఈ సామ్యం కూడా ఒక కారణం. కాని అప్పటికి స్పెయిన్ గ్రెగోరియన్ పంచాంగాన్ని స్వీకరించింది, ఇంగ్లండు ఇంకా జూలియన్ పంచాంగంలోనే ఉంది. కాబట్టి ఆ రెండు ఏప్రిల్ 23ల మధ్య పది రోజుల దూరం ఉంది. పైగా సెర్వాంటెస్ మరణించింది 22న అనీ, 23 ఖననం జరిగిన రోజు అనీ పండితుల నిర్ణయం. అంకె ఒకటే, దినం వేరు.

తెలుగు చరిత్రలో ఈ సమస్య మరింత జటిలమైనది. ఇక్కడ శకవర్షం, చాంద్రమాన సంవత్సర నామం, తిథి, హిజ్రీ, ఫసలీ, గ్రెగోరియన్ తేదీ అన్నీ వాడుకలో ఉండేవి. కాలగణనలోని ఈ పొరలన్నీ ఒకే ప్రాంతంలో కనిపించే చోటు ఉత్తర తెలంగాణ. అందుచేత ఈ వ్యాసం వేములవాడను కేంద్రంగా చేసుకొని, పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పరిధిలోని దినాలకు పరిమితమవుతుంది.

2. ఎంపిక చేసుకున్న దినం: చాళుక్యుల కాలం

వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి 941లో కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ రచించాడు. పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన కుర్క్యాల శాసనంలోని కందపద్యాలు తెలుగు ఛందశ్చరిత్రకు మూలాధారాలలో చేరాయి. 945 ప్రాంతానిదని పరిశోధకులు నిర్ణయించిన ఆ శాసనం గురించి చర్చ విస్తారంగా జరిగింది. దినం విషయంలో అంతకంటె స్పష్టమైన ఆధారం అదే ఆస్థానానికి చెందిన సంస్కృత గ్రంథం ఒకటి ఇస్తున్నది. అది సోమదేవసూరి రచించిన ‘యశస్తిలక చంపువు’.

గ్రంథాంతంలో సోమదేవుడు రచన ముగిసిన దినాన్ని శకవర్షం 881, సిద్ధార్థి సంవత్సరం, చైత్రమాసం, మదన త్రయోదశి అని పేర్కొన్నాడు. అప్పటికి రాష్ట్రకూట మూడవ కృష్ణుడు దక్షిణాది రాజులను జయించి మేల్పాటిలో విడిది చేసి ఉన్నాడనీ, అరికేసరి పెద్దకొడుకు వద్దెగరాజు ఏలుబడిలోని గంగధారలో కావ్యం పూర్తయిందనీ చెప్పాడు. ఆ గంగధార నేటి కరీంనగర్ జిల్లాలోని గంగాధర గ్రామమేనని పలువురు పరిశోధకుల అభిప్రాయం.

ఈ దినం నమ్మదగినదని తేల్చడానికి వేరొక సాక్ష్యం ఉంది. మూడవ కృష్ణుడు మేల్పాటి నుంచే జారీచేసిన కర్హాడ్ తామ్రశాసనం శకవర్షం 880, కాలయుక్తి సంవత్సరం, ఫాల్గుణ బహుళ త్రయోదశి, బుధవారం నాటిది. ఇది 959 మార్చి 9కి సరిపోతుంది. కాలయుక్తి తరువాతి సంవత్సరం సిద్ధార్థి. అందులోని చైత్ర శుద్ధ త్రయోదశి అదే మార్చి నెల చివరి వారంలో వస్తుంది. అంటే రెండు దినాల మధ్య దూరం సుమారు ఒక పక్షం మాత్రమే. గంగధారలో కావ్యం ముగించిన కవికి చక్రవర్తి విడిది ఎక్కడుందో సరిగానే తెలుసు. ఒక కావ్యాంత వాక్యం, ఒక దానశాసనం పరస్పరం పరిచయం లేకుండానే ఒకదానినొకటి బలపరుస్తున్నాయి.

ఇక్కడే దినసామ్యానికి సంబంధించిన ఆసక్తికరమైన అంశం ఉంది. చైత్ర శుద్ధ త్రయోదశి జైన సంప్రదాయంలో వర్ధమాన మహావీరుని జన్మతిథి. సోమదేవుడు జైనాచార్యుడు. ఆయన కావ్యం జైనధర్మ ప్రతిపాదనకు ఉద్దేశించినది. అయినా ఆ దినాన్ని ఆయన మహావీరుని పేరుతో గుర్తించలేదు. లోకవ్యవహారంలో ఉన్న మదన త్రయోదశి అనే పేరుతోనే గుర్తించాడు. కామదేవుని పర్వదినం, జితేంద్రియుడైన తీర్థంకరుని జన్మదినం ఒకే తిథిలో కలిసి ఉండగా, కవి లోకానికి తెలిసిన పేరునే వాడాడు. తేదీ రాసేవాడు తన విశ్వాసం కంటె చదివేవారి గుర్తింపును ముందు పెట్టాడని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఆ తిథినాటికే రచన ముగియాలని సోమదేవుడు సంకల్పించాడా, లేక అది అలా కలిసివచ్చిందా అన్నది ఈ వాక్యం ఒక్కదానితో తేలదు. తేలేది ఒక్కటే: ఒక తిథికి ఒకే పేరు, ఒకే స్మృతి ఉండవు.

ఏడేళ్ల తరువాతి పర్భణీ తామ్రశాసనంలో ఎంపిక మరింత స్పష్టం. శకవర్షం 888, క్షయ సంవత్సరం, వైశాఖ పూర్ణిమ నాడు మూడవ అరికేసరి ఒక గ్రామాన్ని దానం చేశాడు. లేంబులపాటకలో, అంటే వేములవాడలో, తన తండ్రి బద్దెగరాజు కట్టించిన శుభధామ జినాలయం కోసం సోమదేవునికి ఇచ్చిన దానమది. పూర్ణిమలు, అమావాస్యలు, గ్రహణాలు, సంక్రాంతులు దానాలకు ప్రశస్తమైన దినాలు. శాసనాల్లో ఇవి పదేపదే రావడం యాదృచ్ఛికం కాదు. దాత దినాన్ని ఎంచుకుంటాడు. కాబట్టి ఒకే తిథిన ఇచ్చిన దానాలు పది కనిపించినా వాటి నడుమ చారిత్రక సంబంధం ఊహించనవసరం లేదు.

వైశాఖ పూర్ణిమకే మరొక ముఖం ఉంది. బౌద్ధ సంప్రదాయం బుద్ధుని జననాన్ని, సంబోధిని, మహాపరినిర్వాణాన్ని ఈ ఒక్క తిథికే చేర్చింది. ధూళికట్ట వంటి బౌద్ధ క్షేత్రాలున్న ఈ ప్రాంతానికి ఆ స్మృతి పరాయిది కాదు. ఒక జీవితంలోని మూడు మహాఘట్టాలు ఒకే తిథిన జరిగాయనడం లెక్కగట్టి చెప్పిన సంగతి కాదు. పవిత్రమైన తిథి ఘటనలను తనవైపు లాక్కోవడం అది. ఈ వ్యాసంలో దీన్ని ‘ఆకర్షణ’ అని వ్యవహరించడమైంది. ఎంపికలో మనిషి ముందుగా దినాన్ని నిర్ణయించుకుంటాడు. ఆకర్షణలో సమాజం తరువాత ఘటనను ఆ దినానికి చేరుస్తుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

3. కాకతాళీయమైన దినం: హనుమాజీపేట, మహమ్మదాపూర్

డాక్టర్ సి. నారాయణరెడ్డి వేములవాడ సమీపంలోని హనుమాజీపేటలో 1931 జులై 29న జన్మించారు. 2017 జూన్ 12న మరణించారు. సాహిత్య సంస్థలు ఆయన జయంతిని తేదీ ప్రకారమే జరుపుతాయి. ఆ తేదీని పంచాంగంతో పోల్చి చూస్తే అది ఆషాఢ పూర్ణిమ. 1931 సెప్టెంబరు 26న సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది. చంద్రగ్రహణం పూర్ణిమనాడే వస్తుంది. ఒక పూర్ణిమ నుంచి మరొక పూర్ణిమకు సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. గ్రహణదినం నుంచి రెండు చాంద్రమాసాలు వెనక్కి లెక్కిస్తే జులై 29 వస్తుంది. గ్రహణం భాద్రపద పూర్ణిమది కాబట్టి, రెండు నెలల ముందున్నది ఆషాఢ పూర్ణిమ, అంటే వ్యాస పూర్ణిమ.

‘విశ్వంభర’ కావ్యకర్త, జ్ఞానపీఠ పురస్కార గ్రహీత వ్యాస పూర్ణిమనాడు పుట్టారన్నది అభినందన సంచికకు బాగా నప్పే వాక్యం. పరిశోధన వ్యాసంలో మాత్రం దాని విలువ పరిమితం. ఆ తేదీకి ఆ తిథి కలవడం సౌర, చాంద్రమానాల గణితంలోని సంగతి. పంతొమ్మిదేళ్లకోసారి తిథులు, తేదీలు దాదాపు మళ్లీ కలుస్తాయి. అందువల్లనే 2007లోనూ, 2026లోనూ జులై 29 ఆషాఢ పూర్ణిమే. మిగిలిన సంవత్సరాల్లో కవి పుట్టిన తేదీ, పుట్టిన తిథి వేర్వేరు రోజుల్లో వస్తాయి. ఈ సామ్యం కాకతాళీయం. కవి ప్రతిభకు దాన్ని కారణంగా గాని, సూచనగా గాని చూపడం తగదు.

తేదీకి తేదీ కలిసిన ఉదాహరణ రైతాంగ సాయుధ పోరాట కాలంలో ఉంది. కరీంనగర్ ప్రాంతంలో దళాన్ని నడిపిన అనభేరి ప్రభాకరరావు, ఆయన సహచరుడు సింగిరెడ్డి భూపతిరెడ్డి మరికొందరు దళసభ్యులతో పాటు 1948 మార్చి 14న హుస్నాబాద్ సమీపంలోని మహమ్మదాపూర్ వద్ద నిజాం బలగాలతో జరిగిన పోరులో మరణించారు. మార్చి 14 కార్ల్ మార్క్స్ మరణదినం కూడా. ఆయన 1883లో లండన్‌లో మరణించారు. ఆ దళం ఆ దినాన్ని ఎంచుకోలేదు. ప్రాణం తీసినవారూ ఎంచుకోలేదు. అరవై అయిదేళ్ల ఎడం ఉన్న ఆ రెండు మరణాల మధ్య దినపరమైన కారణ సంబంధం లేదు. కాని ఒకే రాజకీయ విశ్వాసం ఉన్నవారి స్మరణలో ఆ రెండూ పక్కపక్కన నిలుస్తాయి. కాకతాళీయమైన దినం సైతం స్మరణలోకి వచ్చాక అర్థాన్ని సంతరించుకుంటుంది. చరిత్రకారుడు ఆ అర్థాన్ని స్మరణ చరిత్రలో చేర్చాలి, ఘటన చరిత్రలో కాదు.

4. జోడేఘాట్: తిథికీ తేదీకీ మధ్య

మహమ్మదాపూర్ ఘటనకు ఎనిమిదేళ్ల ముందు, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా జోడేఘాట్ వద్ద కొమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించాడు. భూమి కోసం, అడవి మీద హక్కు కోసం గోండు, కోలాము గూడేలు చేసిన పోరాటం అది. ఈ ఘటన తరువాతనే ఆదివాసీల స్థితిగతుల అధ్యయనానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను నియోగించింది. సాహు, అల్లం రాజయ్యల ‘కొమురం భీం’ నవలతో ఈ చరిత్ర తెలుగు సాహిత్యంలో స్థిరపడింది.

భీం వర్ధంతి జోడేఘాట్‌లో ఏటా ఆశ్వయుజ పూర్ణిమనాడు జరుగుతుంది. ప్రభుత్వ లాంఛనాలతో జరిగే కార్యక్రమం సైతం ఆ తిథినే అనుసరిస్తుంది. అచ్చులో మాత్రం 1940 సెప్టెంబరు 1, అక్టోబరు 8, అక్టోబరు 27 అని వేర్వేరు తేదీలు కనిపిస్తాయి. కొన్ని రచనల్లో సెప్టెంబరు 1, ఆశ్వయుజ పూర్ణిమ రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కనే ఉంటాయి. ఈ రెండూ కలిసే అవకాశం ఉందా అన్నది పరీక్షించదగిన ప్రశ్న.

పరీక్షకు ఆధారం ఆకాశంలోనే ఉంది. 1940 అక్టోబరు 1న సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించింది. అది దక్షిణ అమెరికా, దక్షిణాఫ్రికా ప్రాంతాల్లో కనిపించింది. ఎక్కడ కనిపించినా సూర్యగ్రహణం అమావాస్యనాడే వస్తుంది. అది భాద్రపద అమావాస్య. దాని నుంచి పక్షం రోజులు లెక్కిస్తే ఆశ్వయుజ పూర్ణిమ అక్టోబరు 15, 16 తేదీల్లో పడుతుంది. పంతొమ్మిదేళ్ల ఆవృత్తి దీన్నే బలపరుస్తుంది. 1940కి నాలుగు ఆవృత్తుల తరువాతిదైన 2016లోనూ ఆశ్వయుజ పూర్ణిమ అక్టోబరు 15, 16 తేదీల్లోనే వచ్చింది.

ఈ లెక్కతో అచ్చులోని మూడు తేదీలను పోల్చవచ్చు. సెప్టెంబరు 1 శ్రావణ అమావాస్య అంచున ఉన్న రోజు. పూర్ణిమకు అది పూర్తిగా ఎదుటి కొస. అక్టోబరు 8 ఆశ్వయుజ శుద్ధ సప్తమి ప్రాంతం. అక్టోబరు 27 బహుళపక్షంలో సగం దాటిన రోజు. మూడింటిలో ఏదీ పూర్ణిమ కాదు. కాబట్టి తిథి నిజమైతే ఈ తేదీలు నిలవవు. వీటిలో ఏదైనా తేదీ నిజమైతే తిథి నిలవదు. రెండింటినీ ఒకే వాక్యంలో రాయడం మాత్రం ఏ విధంగానూ కుదరదు.

తిథి, తేదీ సహజంగానే కలవవన్న సమాధానం ఇక్కడ చెల్లదు. త్యాగరాజు 1847 జనవరి 6న సిద్ధిపొందారు. ఆరాధన ఏటా పుష్య బహుళ పంచమినాడు జరుగుతుంది. ఆ సంవత్సరపు చాంద్రగణనను సరిచూస్తే ఆ తేదీ, ఆ తిథి చక్కగా కలుస్తాయి. ఒకే దినాన్ని రెండు కాలమానాల్లో సరిగా నమోదు చేసినప్పుడు ఫలితం అలాగే ఉంటుంది. కలవకపోతే ఒకచోట మార్పిడిలోనో, నమోదులోనో, స్మృతిలోనో పొరపాటు ఉందని అర్థం.

పొరపాటుకు అవకాశం ఎక్కడుందో ఊహించడానికి ఆనాటి ప్రభుత్వ కాలమానం దారి చూపుతుంది. హైదరాబాదు రాజ్యంలో ప్రభుత్వ వ్యవహారాలకు ఫసలీ సంవత్సరం వాడుకలో ఉండేది. దాని మొదటి నెల ఆజుర్. సంవత్సరం అక్టోబరు తొలివారంలో మారేది. ఫసలీ 1350 ఆరంభమైంది 1940 అక్టోబరులోనే. అంటే వివాదంలో ఉన్న తేదీల మధ్యలోనే సంవత్సరపు సరిహద్దు ఉంది. సెప్టెంబరు 1 ఒక ఫసలీ సంవత్సరంలో, ఆశ్వయుజ పూర్ణిమ మరొక ఫసలీ సంవత్సరంలో పడతాయి. ఇలాంటి సరిహద్దు దగ్గర నెల పేరును ఒక సంవత్సరానికి బదులు మరొక సంవత్సరానికి చేర్చినా, ఫసలీ నెలను గ్రెగోరియన్ నెలతో సుమారుగా సరిపెట్టినా తేదీ దారితప్పుతుంది. ఇది జరిగిందనడం కాదు, జరగగల చోటు ఇదని గుర్తించడం.

మరి తిథినే ప్రమాణంగా తీసుకోవచ్చా? ఇందుకు అనుకూలమైన వాదం బలమైనదే. అచ్చులోని తేదీ ఒక రచన నుంచి మరొక రచనకు నకలుగా వెళుతుంది. ఒకసారి తప్పు పడితే దాన్ని సరిదిద్దే యంత్రాంగం ఆ నకలులో లేదు. తిథి అలా కాదు. ఒక సమాజం ఏటా ఆ వెన్నెలకు ఒకచోట చేరుతుంది. చంద్రుడు అందరికీ కనిపిస్తాడు. పైగా ఆశ్వయుజ పూర్ణిమ గోండు సమాజంలో ప్రత్యేకమైన సమయం. దీపావళి వరకు సాగే దండారి ఉత్సవకాలం ఆ వేళకే మొదలవుతుంది. ఉత్సవపు ముంగిట జరిగిన మరణాన్ని ఊరు మరచిపోవడం కష్టం.

అయితే అదే కారణం ఎదురువాదానికీ బలమిస్తుంది. వైశాఖ పూర్ణిమ విషయంలో కనిపించిన ఆకర్షణ ఇక్కడా పనిచేసి ఉండవచ్చు. పూర్ణిమకు అటూ ఇటూ జరిగిన మరణం కాలక్రమంలో పూర్ణిమకే చేరి ఉండవచ్చు. ఈ అవకాశాన్ని కాదనలేం. కాని ఆకర్షణకు ఒక పరిమితి ఉంది. సమీపంలోని దినాన్ని పర్వదినం లాక్కోగలదు. అమావాస్య అంచున జరిగిన ఘటనను నెలన్నర అవతలి పూర్ణిమకు లాక్కోవడం కష్టం. ఈ దృష్టితో చూస్తే మూడు తేదీలలో అత్యంత బలహీనమైనది సెప్టెంబరు 1. అక్టోబరు తేదీలు రెండింటికీ పూర్ణిమతో పది పన్నెండు రోజులకు మించని దూరమే ఉంది. కాబట్టి మూల దస్తావేజును చూసి తేల్చవలసినవి అవే.

ఇది కేవలం అంకెల తగాదా కాదు. పాఠ్యపుస్తకంలోకి ఒక తేదీ ఎక్కితే అదే ప్రమాణమై, గూడెం పాటించే తిథి ‘ఆచారం’గా మిగిలిపోతుంది. దస్తావేజు రాసింది కాల్పులు జరిపిన పక్షం. తిథిని నిలిపింది కాల్పులకు గురైన పక్షం. రెండింటిలో దేనికి ఎంత సాక్ష్యబలం ఉందో తూచకుండానే ఒకదాన్ని చరిత్ర అనీ, మరొకదాన్ని ఆచారమనీ పిలవడం పరిశోధన పద్ధతి కాదు. సోమదేవుని కావ్యాంత తిథిని కర్హాడ్ శాసనంతో సరిచూసిన శ్రద్ధే జోడేఘాట్ తిథికీ దక్కాలి.

5. రెండు జిల్లాలు, ఒక దసరా

ఈ చర్చలో వచ్చిన రెండు చోట్లను కలిపే దినం ఇటీవలి చరిత్రలో ఒకటుంది. వేములవాడ ఉన్న రాజన్న సిరిసిల్ల జిల్లా, జోడేఘాట్ ఉన్న కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న ఒకేసారి ఏర్పడ్డాయి. ఒక జిల్లాకు వేములవాడ దేవుని పేరు, మరొకదానికి ఆదివాసీ వీరుని పేరు పెట్టారు. ఆ దినం విజయదశమి. శాసనకాలపు దాతల వలె ప్రభుత్వం కూడా ప్రశస్తమైన దినాన్ని ఎంచుకుంది. ప్రభుత్వ పత్రాల్లో నిలిచింది మాత్రం అక్టోబరు 11 అనే తేదీ. ఎంపిక తిథిది, నమోదు తేదీది. ఆ సంవత్సరం దసరా వెళ్లిన నాలుగైదు రోజులకే జోడేఘాట్‌లో భీం వర్ధంతి పూర్ణిమ వచ్చింది. ముందే చెప్పిన ఆవృత్తి ప్రకారం 1940 నాటి దసరా, పూర్ణిమలు కూడా దాదాపు అవే తేదీల్లో వచ్చి ఉండాలి. 1940 నాటి దసరాకూ, భీం పేరిట జిల్లా ఏర్పడిన దసరాకూ తేదీ, తిథి రెండూ కలవడం ఎవరూ ఎంచుకోని సామ్యం.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. దినసామ్యం మూడు విధాలు: కాకతాళీయం, ఎంపిక, ఆకర్షణ. నారాయణరెడ్డి జన్మతిథి, మార్చి 14 మరణాలు మొదటి కోవకు చెందుతాయి. పర్భణీ దానం, జిల్లాల ఆవిర్భావం రెండవ కోవకు చెందుతాయి. వైశాఖ పూర్ణిమకు చేరిన బుద్ధచరిత్ర మూడవ కోవకు చెందుతుంది. జోడేఘాట్ పూర్ణిమ ఘటనదినమే కావచ్చు, ఆకర్షణ వల్ల నిలిచిన సమీపదినమూ కావచ్చు. 1940 సెప్టెంబరు 1తో మాత్రం దానికి పొత్తు కుదరదు.

కవుల, ఉద్యమకారుల జీవితచరిత్రలు రాసేవారు తిథిని, తేదీని విడివిడిగా నమోదు చేసి, ఒక్కొక్కటీ ఏ ఆధారం నుంచి వచ్చిందో పేర్కొనడం అవసరం. ఒకదాన్ని మరొకదానిలోకి మార్చినప్పుడు ఆ మార్పిడి ఎవరు చేశారో చెప్పడమూ అవసరమే. కొమురం భీం విషయంలో 1940 ఆశ్వయుజ పూర్ణిమ అని మాత్రమే రాసి, దానికి సరిపోయే తేదీలు అక్టోబరు 15, 16 అని సూచించడం, ఇతర తేదీలను వాటి మూలాలతో వేరుగా చూపడం ప్రస్తుతానికి సమంజసమైన పద్ధతి.